పొయ్యికీ చుక్కలొచ్చాయి

ఫ్రిజ్ కొనేటప్పుడు 'ఎన్ని స్టార్లు?' అని అడగనివాళ్లు ఇప్పుడు అరుదు. ఏసీ అయితే ఆ లెక్క తేలాకే ధర మాట. మరి తెల్లవారి కాఫీతో మొదలై రాత్రి పాలు కాచేదాకా వెలుగుతూనే ఉండే గ్యాస్ పొయ్యిని మాత్రం పైనున్న గాజు పలక మెరుపు చూసి కొనేస్తారు. దానికీ స్టార్లున్నాయి. వాటి వెనక గిన్నెడు నీళ్ల కథ ఒకటుంది.

వంటింటి గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్‌ని ఓసారి చూడండి. ఏకాదశులూ అమావాస్యలూ, పాలవాడు రాని రోజులూ, పిల్లల పరీక్షలూ... వీటన్నిటి మధ్యా ఏదో ఒక తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి 'గ్యాస్' అని రాసి ఉంటుంది. కొత్త బండ పెట్టిన రోజది. తెలుగు ఇళ్లలో ఇంధనం లెక్క రాసే అసలైన దస్తావేజు అదే.

బండ అయిపోయిన రోజున ఆ క్యాలెండర్ ముందు చిన్న విచారణ జరుగుతుంది. 'పోయినసారి నలభై రోజులొచ్చింది అత్తయ్యా, ఈసారి ముప్ఫయ్యారుకే అయిపోయింది' అంటుంది కోడలు. 'పండక్కి పిండివంటలు చేశాం కదమ్మా, పైగా చుట్టాలు' అని అత్తగారు సర్దిచెబుతుంది. పండగా లేక, చుట్టాలూ రాకపోతే అనుమానం బండ తెచ్చినవాడి మీదికి పోతుంది... 'తక్కువ తూచి ఇచ్చాడేమో!' అని. చివరికి ఎవరి మీదా నేరం రుజువు కాదు. విచిత్రమేమిటంటే, ఇంత విచారణలోనూ ఎదురుగా కూర్చున్న పొయ్యిని ఎవరూ అనుమానించరు. వెలుగుతోంది కదా, ఇంకేం కావాలి?

వెలగడం వేరు, వండటం వేరు. ఆ రెంటికీ మధ్య తేడాని కొలిచేందుకు మనదేశంలో ఒక ప్రమాణం ఉంది. ఆ ప్రమాణాన్ని దాటి ఎంత బాగా పనిచేస్తుందో చెప్పేందుకు ఒక లేబులూ ఉంది. ఏళ్ల తరబడి తయారీదారుల ఇష్టాయిష్టాల మీద నడిచిన ఆ లేబుల్, 2026 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. ఫ్రిజ్‌లూ టీవీల కొత్త నిబంధనలతో పాటే ఎల్పీజీ పొయ్యి కూడా ఆ జాబితాలోకి చేరింది. టీవీలూ ఫ్రిజ్‌ల సందడిలో పొయ్యి సంగతి పెద్దగా ఎవరి చెవినా పడలేదు.

మూడోవంతు గాలికే!

ఇంటికొచ్చే బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. కిలో ఎల్పీజీ పూర్తిగా మండితే దాదాపు 10,900 కిలో కేలరీల వేడి పుడుతుంది. అంటే బండ మొత్తం మీద సుమారు లక్షా 55 వేల కిలో కేలరీలు. డబ్బు పెట్టి కొన్నది ఈ వేడినే. ఇందులో గిన్నెలోకి చేరేదెంత?

బీఐఎస్, అంటే భారతీయ ప్రమాణాల సంస్థ, ఎల్పీజీ పొయ్యిల కోసం రాసిన ప్రమాణం పేరు ఐఎస్ 4246. ఐఎస్‌ఐ ముద్ర వేయించుకోవాలంటే పొయ్యి ఉష్ణ సామర్థ్యం కనీసం 68 శాతం ఉండాలంటుంది అది. అంటే వంద పాళ్ల వేడిలో 68 పాళ్లు గిన్నెకు చేరాలి. మిగతా 32 పాళ్లు మంట అంచుల నుంచి గిన్నె పక్కలుగా పైకి పోతాయి. కొంత గిన్నెను నిలబెట్టే ఇనుప కాళ్లు తాగుతాయి, కొంత పొయ్యి పైపలక పంచుకుంటుంది. లెక్క వేస్తే బండకు దాదాపు 50 వేల కిలో కేలరీలు. మామూలు నీళ్లను ఏడు వందల లీటర్ల దాకా మరిగించగల వేడి అది! ఎండాకాలం మధ్యాహ్నం వంటింట్లో చీర కొంగుతో ముఖం తుడుచుకునే ఇల్లాలికి ఆ వేడి ఎక్కడికి పోతోందో ఎవరూ చెప్పక్కర్లేదు.

అది కూడా మంచి పొయ్యి, కొత్త పొయ్యి, పరీక్షశాలలో ఉన్నప్పటి మాట. ముద్ర లేని పొయ్యి సంగతీ, పదేళ్లుగా పొంగిన పాలూ పప్పునీళ్లూ తాగిన బర్నర్ సంగతీ ఏ ప్రమాణమూ చెప్పదు.

గిన్నెడు నీళ్లు... రెండు గ్రాముల తేడా

సామర్థ్యాన్ని కొలిచే పరీక్ష వినడానికి వంటలానే ఉంటుంది. కొలత ప్రకారం చేసిన అల్యూమినియం గిన్నె తీసుకుంటారు. బర్నర్ ఎంత గ్యాస్ వాడుతుందన్న దాన్నిబట్టి గిన్నె పరిమాణం మారుతుంది. అందులో తూచిన నీళ్లు పోసి, మూతపెట్టి, నిర్ణీత పీడనం దగ్గర మంట పెడతారు. నీళ్లు 90 డిగ్రీలకు వచ్చేసరికి ఎంత గ్యాస్ ఖర్చయిందో చూస్తారు. మరిగేదాకా ఎందుకు ఆగరంటే, మరగడం మొదలైతే వేడంతా ఆవిరిగా పోతుంటుంది. అప్పుడు లెక్క కుదరదు.

ఓ ఉదాహరణ చూద్దాం. ఐదు లీటర్ల నీళ్లు 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు రావాలంటే 300 కిలో కేలరీలు కావాలి. గిన్నె తాగే కాస్త వేడిని పక్కన పెడితే, 68 శాతం పొయ్యి మీద అందుకు దాదాపు 40 గ్రాముల గ్యాస్ కాలుతుంది. 72 శాతం పొయ్యి మీద 38 గ్రాములు. తేడా రెండే రెండు గ్రాములు!  పరీక్షశాలల్లో అంత సున్నితమైన తూనికలు వాడేదీ, గాలి కూడా ఇటూ అటూ కదలకుండా చూసేదీ అందుకే.

ఆ రెండు గ్రాముల కోసం తయారీదారులు పడే పాట్లు చాలానే. గ్యాస్ సన్నటి జెట్ రంధ్రంలోంచి వేగంగా దూసుకొస్తూ పక్కనున్న గాలిని తనతో లాక్కుపోతుంది. గొట్టంలో రెండూ కలిసి బర్నర్ కన్నాల్లోంచి బయటికొచ్చి మండుతాయి. జెట్ రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా, గొట్టం మెడ కాస్త వంకరైనా, బర్నర్ కన్నాల్లో ఒకటి సన్నమై ఇంకొకటి వెడల్పైనా మిశ్రమం తేడా వస్తుంది. గాలి చాలకపోతే మంట పచ్చబడి గిన్నెకు మసి పడుతుంది. గాలి మరీ ఎక్కువైతే మంట బర్నర్‌ని వదిలి ఎగురుతుంది. నీలంగా, నిలకడగా, 'బుస్సు'మని మోత లేకుండా వెలిగే మంట వెనక ఇంత కొలత ఉంది.

సైకిల్ మీద 'స్టవ్ రిపేర్' అని అరుస్తూ వచ్చే మనిషి సూదితో జెట్ పొడిచి 'ఇప్పుడు చూడండమ్మా మంట' అంటాడు. మంట నిజంగానే పెద్దదవుతుంది. రంధ్రం కూడా పెద్దదయింది కాబట్టి! ఆ మర్నాటి నుంచి గిన్నెల అడుగు నల్లబడుతుంటే బాగుచేసినవాణ్ని ఎవరూ గుర్తుచేసుకోరు.

దగ్గరైతే మంచిదే... కానీ

సామర్థ్యం పెంచడానికి తేలికైన దారి ఒకటుంది. గిన్నెను మంటకి దగ్గరగా తేవడం. కాళ్ల ఎత్తు కాస్త తగ్గిస్తే చాలు, పక్కలకు పోయే వేడి తగ్గుతుంది. మరి అందరూ అదే చేయొచ్చు కదా?

అక్కడే ఉంది చిక్కు. చల్లటి గిన్నె అడుగు మంటలోకి మరీ దిగితే మంట సగంలోనే చల్లారిపోతుంది. పూర్తిగా కాలని గ్యాస్ కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. రంగూ వాసనా లేని విషవాయువది. అందుకే ఐఎస్ 4246 ఒక చేత్తో 68 శాతం అడుగుతూనే, ఇంకో చేత్తో పొగను కొలుస్తుంది. వెలువడే వాయువుల్లో కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే కార్బన్ మోనాక్సైడ్ నిష్పత్తి 0.02 దాటకూడదని నియమం. అంటే పొదుపు కోసం ప్రాణం మీదికి తెచ్చే పొయ్యికి ముద్ర దొరకదు. పొయ్యి ప్రమాణమంటే గ్యాస్ ఆదా మాత్రమేనని అనుకునేవారికి ఈ సంగతి తెలియదు. ముద్ర లేని పొయ్యిని చౌకగా కొన్నప్పుడు పోయేది గ్యాసొక్కటే కాదు.

ఇదే సూత్రం గ్యాస్ గీజర్ దగ్గర మరింత భయంకరంగా పనిచేస్తుంది. వాటికి ఐఎస్ 15558 అనే వేరే ప్రమాణం ఉంది. కానీ ఎంత మంచి గీజరైనా కిటికీ లేని స్నానాలగదిలో, తలుపు బిగించి వాడితే లోపలి ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట పాడవుతుంది. స్నానానికి వెళ్లిన మనిషి స్పృహ తప్పడానికి కొన్ని నిమిషాలు చాలు. ఇలాంటి మరణాలు మన నగరాల్లో చలికాలం వార్తల్లో పదేపదే వచ్చాయి. గీజర్‌ని స్నానాలగది బయట గాలి ఆడేచోట బిగించి, పొగగొట్టం బయటికి పెట్టి, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి తేవాలి. ఇందులో బేరం లేదు.

చుక్కలు ఎందుకు ఆలస్యమయ్యాయి

వంట ఇంధనం పొదుపు మాట మనకు కొత్తేం కాదు. 1970ల్లో చమురు ధరలు మండిపోయినప్పుడు కిరోసిన్ ఆదా కోసం ఇండియన్ ఆయిల్ పరిశోధకులు 'నూతన్' అనే వత్తుల స్టవ్‌ని తయారుచేశారు. పెద్దవాళ్లున్న ఇళ్లలో ఆ పేరు ఇప్పటికీ గుర్తే. పెట్రోలియం పొదుపు గురించి ఊరూరా చెప్పే పీసీఆర్‌ఏ సంస్థ 1978లో ఏర్పడింది. కుక్కర్లో వండితే అన్నానికి 20 శాతం, నానబెట్టిన పప్పుకి 46 శాతం ఇంధనం ఆదా అవుతుందని చెప్పింది వాళ్లే.

2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. మరుసటి ఏడాది మార్చి 1న బీఈఈ... బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పని మొదలుపెట్టింది. 2006 మేలో స్టార్ లేబుళ్లు ప్రారంభమయ్యాయి. మొదట ఫ్రిజ్‌లూ ట్యూబులైట్లూ. 2010 జనవరిలో మంచుపట్టని ఫ్రిజ్‌లకూ, ఏసీలకూ, ట్యూబులైట్లకూ లేబుల్ తప్పనిసరి చేశారు. అప్పట్నుంచే సేల్స్‌మన్ల నోట 'ఫైవ్ స్టార్ సార్!' అన్నమాట నానడం మొదలైంది. పొయ్యికి కూడా లేబుల్ పెట్టారు కానీ, అది అతికించాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. మంచి పొయ్యి చేసినవాడు అతికించుకుంటాడు, చేయనివాడు ఊరుకుంటాడు. లేబుల్ లేని పొయ్యి పక్కన ఒక స్టార్ పొయ్యి పెడితే కొనేవాడి కంటికి ఏది నాసిగా కనిపిస్తుంది? ఒక స్టార్‌దే! స్వచ్ఛంద లేబుల్‌లో ఉన్న తమాషా ఇదే. నిజం చెప్పినవాడే నష్టపోతాడు.

పొయ్యి వెనకబడటానికి ఇంకో కారణముంది. కరెంటుకు మీటరుంది. నెల తిరిగేసరికి బిల్లొస్తుంది, ఏసీ కొన్న నెల ఎంత పెరిగిందో తెలిసిపోతుంది. గ్యాస్ బండకు మీటరు లేదు. పైగా చాలాకాలం రాయితీ చాటున దాని అసలు ధర ఎవరికీ పట్టలేదు. 2012 సెప్టెంబరులో కేంద్రం రాయితీ బండలు ఏడాదికి ఆరే అన్నప్పుడు మాత్రం ప్రతి వంటింట్లో లెక్కలు మొదలయ్యాయి. పాలు రెండుసార్లు కాచడం మానేసినవాళ్లూ, స్నానానికి నీళ్లు పెట్టడం ఆపినవాళ్లూ ఉన్నారు. 2013 జనవరిలో ఆ ఆరు తొమ్మిదైంది, 2014లో పన్నెండైంది. లెక్కలు మళ్లీ క్యాలెండర్ వెనక్కి వెళ్లిపోయాయి. ఆ ఏడాదిన్నరలో లేబుల్ తప్పనిసరి చేసి ఉంటే జనం ఎగబడి చూసేవారు. సమయం మించిపోయాక వచ్చే మంచి పనుల్లో ఇదొకటి.

రెండు రోజులేనా?

'ఇంతా చేస్తే ఎంత మిగులుతుంది?' అన్నదే ఇల్లాలి ప్రశ్న. సూటిగా చెప్పుకుందాం. 68 శాతం పొయ్యి మీద 36 రోజులొచ్చే బండ 72 శాతం పొయ్యి మీద 38 రోజులొస్తుంది. అంతే. బండకు దాదాపు 800 గ్రాములు. ఏడాదికి ఎనిమిది బండలు వాడే ఇంట్లో ఆరు కిలోల పైచిలుకు, అంటే సగం బండకి కాస్త తక్కువ. పొయ్యి పదేళ్లు నడుస్తుందనుకుంటే నాలుగైదు బండలు. వాటి ధరను ఇవాళ్టి రేటుతో మీరే గుణించుకోండి. పొయ్యి ధరలో తేడా వచ్చిందేమో చూసుకోండి.

ఒక్క ఇంటికి ఇది చిన్నదే. కానీ దేశంలో 30 కోట్లకు పైగా ఇళ్లలో గ్యాస్ కనెక్షన్లున్నాయి. ఏటా వాడే ఎల్పీజీ మూడు కోట్ల టన్నుల పైమాటే. అందులో సింహభాగం వంటిళ్లదే. దాదాపు 60 శాతం ఓడల్లో వచ్చేదే, అదీ ఎక్కువగా గల్ఫ్ దేశాల నుంచి. వంటిళ్లలో ఒక్క శాతం మిగిలినా లెక్క లక్షల టన్నుల్లోకి వెళ్తుంది. ఢిల్లీలో లేబుల్ గురించి ఆలోచించేవాళ్లు చూసేది ఆ అంకె. మనం చూసేది రెండు రోజులు. ఇద్దరిదీ నిజమే.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. స్టార్లు తెచ్చే నాలుగు శాతం కంటే వండేతీరు తెచ్చే తేడా ఎక్కువ. పరీక్షలో గిన్నెకు మూత ఉంటుంది, మన ఇళ్లలో పప్పు గిన్నెకి ఉండదు. లీటరు నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగేదాకా తేవడానికి 70 కిలో కేలరీలు చాలు. అదే లీటరును ఆవిరి చేసి పోగొట్టడానికి 540 కావాలి. దాదాపు ఎనిమిది రెట్లు! మరిగాక కూడా మంట పెద్దదిగా ఉంచితే కూర త్వరగా ఉడకదు, నీళ్లే త్వరగా పోతాయి. పొంగు రాగానే సిమ్‌లో పెట్టమని అమ్మమ్మలు చెప్పింది చాదస్తం కాదు, పదార్థ విజ్ఞానం. చిన్న తపేలాను పెద్ద బర్నర్ మీద పెడితే మంట పక్కలకు లేచి పిడిని కాలుస్తుంది తప్ప పాలను కాదు. అడుగు వంగిన పెనం, నిండా పోసిన ఎసరు, ఫ్యాన్ గాలికి ఊగే మంట... ఇవన్నీ కలిస్తే ఐదు స్టార్ల పొయ్యి కూడా చేతులెత్తేస్తుంది.

అలాగని లేబుల్ దండగ అనడానికి లేదు. మూత పెట్టడం ఇల్లాలి చేతిలో ఉంది. జెట్ కొలత ఆమె చేతిలో లేదు.

పైపులో గ్యాసు, పాత పొయ్యి

అసలు పెద్ద తేడా మరోచోట ఉంది, దాన్ని చాలామంది గమనించలేదు. గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి 2003లో ఏర్పాటుచేసిన భాగ్యనగర్ గ్యాస్ హైదరాబాద్‌లోనూ, విజయవాడ, కాకినాడల్లోనూ పైపుల్లో సహజవాయువు ఇస్తోంది. బండ మోత లేదు, బుకింగ్ బాధ లేదు, మీటరు కూడా ఉంది. కనెక్షన్ రాగానే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. ఉన్న ఎల్పీజీ పొయ్యికే జెట్ మార్చి పైపు తగిలించేస్తారు. వెలుగుతుంది. అందరూ సంతోషిస్తారు.

కానీ రెండు గ్యాసుల స్వభావమే వేరు. ఎల్పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ఒక పాలు మండాలంటే పాతిక నుంచి ముప్ఫై పాళ్ల గాలి కావాలి. పైపులో వచ్చేది ప్రధానంగా మీథేన్. దానికి పది పాళ్ల గాలి చాలు. ఒకే పరిమాణంలో చూస్తే ఎల్పీజీలో ఉండే వేడి దానికంటే రెండున్నర రెట్లకు పైనే. వచ్చే పీడనం కూడా వేరు. బండకు రెగ్యులేటర్ 30 మిల్లీబార్లు ఇస్తే పైపు గ్యాస్‌కి 21. జెట్ పెద్దది చేసినంత మాత్రాన గొట్టం మారదు, బర్నర్ కన్నాలు మారవు, కాళ్ల ఎత్తు మారదు. పంచెకట్టుకు కొలిచిన గుడ్డతో ప్యాంటు కుట్టించినట్టే!

పీసీఆర్‌ఏ లెక్క ప్రకారం ఇలా మార్చిన పొయ్యి సామర్థ్యం 40 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. సహజవాయువు కోసమే చేసిన పొయ్యి 55 శాతం దాటుతుంది. అంటే అదే వంటకు దాదాపు నాలుగోవంతు గ్యాస్ తక్కువ. ఎల్పీజీలో ఒకటి రెండు స్టార్ల తేడా దీని ముందు లెక్కలోకే రాదు. పైపు గ్యాస్ పొయ్యిలకు బీఐఎస్ 2019లో ఐఎస్ 17153 పేరుతో విడి ప్రమాణం తెచ్చింది. పెట్టె మీద 'పీఎన్‌జీ' అనీ, ఈ ప్రమాణం అంకె అనీ ఉంటే అది పైపు గ్యాస్ పొయ్యి. అపార్టుమెంటుకు కొత్తగా పైపు వస్తోందంటే కమిటీ సమావేశంలో డిపాజిట్ గురించీ గోడలకు పెట్టే కన్నాల గురించీ గంట మాట్లాడతారు. పొయ్యి గురించి ఐదు నిమిషాలు మాట్లాడితే రెండేళ్లలో ఆ పొయ్యి ధర తిరిగొచ్చే ఇళ్లుంటాయి.

దీపం వెలిగిన ఇళ్లు

మంచి పొయ్యి ఎవరికి ఎక్కువ అవసరం? బండ ధర ఎవరికి ఎక్కువ బరువో వాళ్లకి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జులైలో 'దీపం' పథకం మొదలైంది. స్వయంసహాయక సంఘాల మహిళలకు కనెక్షన్ డిపాజిట్ ప్రభుత్వం కట్టింది. కట్టెల పొగ నుంచి లక్షల ఇళ్లు బయటపడ్డాయి. అయితే మలి బండకు డబ్బు కూడక, చాలా ఇళ్లలో గ్యాస్ పొయ్యి పక్కనే కట్టెల పొయ్యి కూడా కొనసాగింది. చుట్టాలొచ్చినప్పుడు టీకి గ్యాస్, రోజూ అన్నానికి కట్టెలు. 2016 మే 1న దేశమంతటా ఉజ్వల వచ్చింది, 2021 ఆగస్టులో దాని రెండో విడతలో మొదటి బండతో పాటు పొయ్యి కూడా ఉచితంగా ఇచ్చారు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ 500 రూపాయలకు బండ ఇవ్వడం మొదలుపెట్టింది. అదే ఏడాది నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు ఉచిత బండల 'దీపం-2' ఆరంభమైంది.

ఇన్ని పథకాల్లోనూ చర్చంతా బండ గురించే. ఉచితంగా వచ్చిన మూడు బండలు ఎన్ని రోజులొస్తాయన్నది పొయ్యి మీద ఆధారపడుతుంది. ఒక బండ 36 రోజులొచ్చే ఇంట్లో పొయ్యి పాడై సామర్థ్యం 60 శాతానికి పడిపోయిందనుకుందాం. అప్పుడు బండ 32 రోజులకే అయిపోతుంది. మూడు బండల మీద పన్నెండు రోజులు ఎగిరిపోయినట్టు. పథకం ఇచ్చినదాంట్లో దాదాపు తొమ్మిదో వంతు బర్నర్ దగ్గర పోయింది. బర్నర్ మార్చడానికి అయ్యే ఖర్చు బండ ధరతో చూస్తే చాలా తక్కువ.

దుకాణంలో ఏం అడగాలి

ఇప్పుడు గాజు పలకల పొయ్యిలదే రాజ్యం. మూడు బర్నర్లూ, నాలుగు బర్నర్లూ, ఆటోమేటిక్ లైటరూ, పూల డిజైన్లూ. అమ్మేవాడు గాజు మీద గట్టిగా కొట్టి చూపిస్తాడు, వారంటీ చెబుతాడు, ఎక్స్చేంజ్‌లో పాత పొయ్యికి ఎంతిస్తాడో చెబుతాడు. బర్నర్ల సంఖ్యకీ పొదుపుకీ సంబంధం లేదు. 'హై ఫ్లేమ్' అంటే ఎక్కువ గ్యాస్ కాలుతుందనే తప్ప ఎక్కువ వేడి గిన్నెకు చేరుతుందని కాదు.

అడగాల్సింది ముందుగా ఐఎస్‌ఐ ముద్ర. దాని కింద ఐఎస్ 4246 అనీ, సీఎం/ఎల్ అక్షరాలతో లైసెన్సు అంకె అనీ ఉండాలి. ఆ అంకెను ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే లైసెన్సు ఎవరిదో, ఇంకా చెల్లుతోందో లేదో తెలిసిపోతుంది. ముద్ర దొంగది వేయడం మన మార్కెట్లలో కొత్త కాదు కాబట్టి ఆ ఒక్క నిమిషం వెచ్చించడం మేలు. తర్వాత బీఈఈ స్టార్ లేబుల్. స్టార్లు లెక్కపెట్టి ఊరుకోకుండా దాని మీదున్న ఉష్ణ సామర్థ్యం శాతాన్ని చదవాలి. రెండు పొయ్యిల్ని పోల్చడానికి అసలు పనికొచ్చే అంకె అదే. లేబుల్ పొయ్యి మీద లేకుండా 'పెట్టె మీద ఉండేదండీ, పెట్టె గోదాములో ఉంది' అంటే ఆ పెట్టె తెప్పించమనాలి.

ఇంటికొచ్చాక బర్నర్‌ని వారానికోసారి విప్పి, సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెడితే చాలు. కన్నాల్లో ఇరుక్కున్న మసిని మెత్తటి బ్రష్‌తో తీయాలి, మేకుతో పొడవకూడదు. మంట చివర పసుపు కనిపించినా, గిన్నెకు మసి అంటినా జెట్‌నీ గాలినీ చూసే మెకానిక్‌ని డీలర్ దగ్గర్నుంచి పిలిపించాలి. రబ్బరు గొట్టం మీద ముద్రించిన తేదీ దాటితే మార్చేయాలి, అది పొదుపు సంగతి కాదు.

ఇక ఎక్స్చేంజ్‌లో ఇచ్చేసిన పాత పొయ్యి... దాని ప్రయాణం అక్కడితో ఆగదు. మసి తుడిచి, రంగేసి, జెట్ మార్చి పాతసామాన్ల దుకాణంలో పెడతారు. లేదా ఇంట్లో పనిచేసే మనిషికి 'తీసుకెళ్లమ్మా, బాగానే వెలుగుతుంది' అని ఇచ్చేస్తారు. ఊరినుంచి కొత్తగా వచ్చి ఒక గది అద్దెకు తీసుకున్న కుటుంబమో, హాస్టల్ వదిలి సొంతంగా వండుకునే కుర్రాళ్లో దాన్ని తీసుకుంటారు. వాళ్ల గోడ మీద క్యాలెండర్‌లోనూ ఒక తేదీ చుట్టూ సున్నా ఉంటుంది. ముప్ఫై రెండో రోజునే బండ అయిపోతే, వాళ్లు కూడా బండ తెచ్చినవాడినే అనుమానిస్తారు.